మైలుతుత్తం, జింకు, మట్టి

భూమిలో పాతిన గ్యాస్ గొట్టానికి తుప్పు పడుతోందో లేదో తవ్వకుండా తెలుసుకోవడానికి ఒక రాగి కడ్డీ, కాస్త మైలుతుత్తం, ఒక వోల్టు మీటరు చాలు. ఇక కరగదన్నంత వరకు మైలుతుత్తం కలిపిన నీళ్లు ఒక చిన్న గొట్టంలో పోసి, అందులో రాగి కడ్డీ నిలిపి, అడుగున నీరు ఊరే బిరడా బిగిస్తారు. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని హాఫ్ సెల్ అంటారు. తడిపిన నేల మీద దాన్ని ఆనించి, దాని తీగను మీటరుకు ఒకవైపు కలుపుతారు. పైప్‌లైన్‌కు ముందే అతికించి గట్టు మీది టెస్ట్ పాయింటులోకి తెచ్చిన తీగను రెండోవైపు కలుపుతారు. మీటరు మైనస్ 0.85 వోల్టులు గానీ, మైనస్‌లో అంతకంటే ఎక్కువ గానీ చూపిస్తే గొట్టం బయటి ఒళ్లు భద్రంగా ఉన్నట్టు లెక్క. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేవాటిలో ఈ అంకెలు రాసిన పుస్తకం ముఖ్యమైనది.

హైదరాబాద్ పాతబస్తీలో ఇదే మైలుతుత్తం బిద్రీ పనివాళ్ల దగ్గర ఉంటుంది. ఇంటి ముందు గదిలోనే నడిచే ఒక కార్ఖానాకు వెళ్లేసరికి, నేల మీద కూర్చున్న కారీగర్ నీలి నీళ్లలో గుడ్డ ముంచి పూలకూజా మీద రుద్దుతున్నారు. తెల్లటి లోహం చూస్తుండగానే నల్లబడింది. ఆ నలుపు తాత్కాలికం. సూదిమొనతో గీసే లతలూ పూలూ తెల్లగా కనిపించడానికే అది. కూజా పోత పోసింది జింకుతో. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి అని లెక్క చెబుతారు. గీతల్ని ఉలితో తొలిచి, వెండి తీగ పెట్టి కొట్టి, ఆకురాయితో నున్నగా చేసేసరికి ఆ నలుపు మొత్తం పోతుంది. వెండీ జింకూ ఒకే రంగులో కలిసిపోయి పనితనం కంటికి ఆనదు.

అసలు ఘట్టం ఆ తర్వాతిది. వస్తువును కాస్త వేడి చేసి, బీదర్ కోటలో ఎండా వానా తగలని పాత కట్టడాల నుంచి తెచ్చిన మట్టిని నవసాగరంతో కలిపి పట్టిస్తారు. జింకు కాటుకలా నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. ఏ మట్టి పనికొస్తుందో అనుభవమున్న కారీగర్లు నాలుక మీద వేసుకుని తేల్చేస్తారని ఈ పని దగ్గరగా చూసినవాళ్లు చెబుతారు. నిర్ణీత కాలానికోసారి జరిగే పరీక్ష కాదది, ప్రతి గంపకూ జరిగేది.

రసాయనశాస్త్రం దృష్టిలో బిద్రీ నలుపు కూడా తుప్పు జాతిదే, కోరి తెచ్చుకున్నదన్న తేడా తప్ప. జింకు తన ఎలక్ట్రాన్లను సులువుగా వదిలేస్తుంది, ఇనుము దానికంటే బిగపట్టుకుంటుంది, వెండి మరీ గట్టిగా పట్టుకుంటుంది. తడి, ఉప్పులు, పక్కపక్కనే ఎక్కువ తక్కువ బలమున్న లోహపు చోట్లు ఉంటే ముందు బలహీనమైనది కరుగుతుంది. భూమిలోని ఉక్కు గొట్టానికి ఈ మూడూ దొరుకుతాయి. ఒకే గొట్టం ఒకచోట మొరం నేలలో, మరోచోట నల్లరేగడిలో పోతే ఆ రెండు ముక్కల మధ్యే బ్యాటరీ లాంటిది ఏర్పడుతుంది. కరెంటు గొట్టాన్ని వదిలి మట్టిలోకి దిగే చోట ఉక్కు తరిగిపోతుంది.

దీనికి మొదటి అడ్డుగోడ పూత. ఇప్పటి గొట్టాలకు మూడు పొరల పాలిథిలిన్ వేస్తారు, పాతవాటికి కోల్‌తారు ఎనామెల్ ఉండేది. ఏ పూతకైనా ఎక్కడో గీత పడుతుంది, రాయి గుచ్చుకుంటుంది. అలా బయటపడ్డ చోట్లను కాపాడేది కాథోడిక్ రక్షణ. చిన్న లైన్లకు పక్కనే మెగ్నీషియం దిమ్మలో జింకు దిమ్మలో పాతి తీగతో కలుపుతారు. బిద్రీ కూజాలో జింకును నల్లబరిచిన గుణమే ఇక్కడ పనికొస్తుంది: గొట్టానికి బదులు దిమ్మ కరిగిపోతుంది. పెద్ద లైన్లకు టీఆర్ యూనిట్ అనే యంత్రం పెట్టి, భూమిలోని ఆనోడ్ల ద్వారా గొట్టం మీదికి నేరు కరెంటు (డీసీ) పంపిస్తారు. కరెంటు మరీ ఎక్కువైనా చెరుపే. మైనస్ 1.2 వోల్టులు దాటితే ఉక్కు మీద హైడ్రోజన్ పుట్టి పూతను లేపేస్తుందని జాగ్రత్త పడతారు.

రికార్డు పుస్తకంలోని అంకె మోసం చేసే చోటొకటి ఉంది. టీఆర్ యూనిట్ నడుస్తుండగా కొలిస్తే, మట్టిలో పోయే కరెంటు వల్ల పుట్టే వోల్టేజీ కూడా మీటరులో కలిసిపోతుంది. అసలు రక్షణ మైనస్ 0.75 దగ్గరే ఉన్నా అంకె మైనస్ 1.1 అని బడాయి పోవచ్చు. అందుకే కరెంటును క్షణం ఆపి, ఆ క్షణంలోనే చదివే ‘ఆఫ్’ రీడింగు కావాలి. వందల కిలోమీటర్ల లైనుకు ఆన్ రీడింగులు తీసుకోవడం తేలిక, ఆఫ్ రీడింగులు తీసుకోవాలంటే యూనిట్లన్నీ ఒకే తాళంలో ఆగి నడవాలి. తనిఖీ చేసేవారికి ఈ తేడా తెలియకపోతే పుస్తకం ఎంత నిండుగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఈ తనిఖీ బాధ్యత మన దేశంలో ఒకరిదే కాదు. 1986లో పెట్రోలియం శాఖ కింద ఏర్పడిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, ఓఐఎస్‌డీ, ప్రమాణాలు రాస్తుంది, ఆడిట్లు చేస్తుంది. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు వచ్చింది. నగర గ్యాస్ వ్యవస్థలకు 2008లో, దూరప్రాంత గ్యాస్ పైప్‌లైన్లకు 2009లో సాంకేతిక, భద్రతా నిబంధనలు జారీ చేసింది. గొట్టం బతికున్నంత కాలం దాని ఆరోగ్యాన్ని సంస్థ ఎలా చూసుకోవాలో చెప్పే ఇంటెగ్రిటీ నిబంధనలు 2012లో వెలువడ్డాయి. సంస్థే తన పద్ధతులు రాసుకోవాలి, వాటిని బయటి తనిఖీ సంస్థ పరిశీలించాలి, బోర్డు పైనుంచి చూడాలి. మూడంచెల ఏర్పాటు బాగానే ఉంది. అయితే మూడంచెలూ తిరిగేది సంస్థ రాసిచ్చిన కాగితాల చుట్టూనే.

పాతబస్తీ వంటి చోట ఈ కాగితాలకు పని ఎక్కువ. హైదరాబాద్‌లో నగర గ్యాస్ చూసేది భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2003లో పెట్టిన సంస్థ. వీధుల్లో తక్కువ ఒత్తిడితో గ్యాస్ తీసుకెళ్లే పసుపు పాలిథిలిన్ గొట్టానికి తుప్పు భయం లేదు. ఒత్తిడి ఎక్కువుండే ఉక్కు లైన్లకూ, ఇంటి గోడెక్కి వంటింట్లోకి పోయే జీఐ గొట్టానికీ ఉంటుంది. జీఐ అంటే ఇనుము మీద జింకు పూతే కాబట్టి బిద్రీ లోహం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. గచ్చులోకి దూరే చోట, బట్టలుతికిన నీళ్లు కారే చోట, క్లాంపు బిగించిన చోట ముందు జింకు పోతుంది, ఆ తర్వాత ఇనుము. నాలుగు వందల ఏళ్లుగా తవ్వి పూడ్చిన వీధుల్లో నీటి గొట్టాలూ మురుగు కాల్వలూ కేబుళ్లూ ఒకదాని మీదొకటి ఉన్న నేలలో ఇంకొకరి పార పూతను గీరేసే ప్రమాదం కూడా తక్కువది కాదు.

దీనికి తోడు మెట్రో. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా వేయదలచిన పాతబస్తీ మార్గానికి 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. బెంగళూరు మెట్రోలో పట్టాల పక్కన 750 వోల్టుల నేరు కరెంటు పారుతుంది. అలాంటి చోట దారి తప్పి నేలలోకి దిగిన కరెంటు ఉక్కును సూటిగా తినగలదు. హైదరాబాద్ మెట్రోది తల మీది తీగల్లో 25 వేల వోల్టుల ఏసీ. ఇది ఆ రకంగా తినకపోయినా, పక్కగా చాలా దూరం పోయే గొట్టంలో వోల్టేజీ పుట్టిస్తుంది. కొత్త విద్యుత్ మార్గం దగ్గరికి వచ్చినప్పుడల్లా రీడింగులు మళ్లీ తీయాల్సింది అందుకే.

తెలుగు నేల మీద తుప్పు పేరుతో అందరికీ గుర్తుండేది మాత్రం కోనసీమలోని నగరం అనే ఊరు. అమలాపురం నుంచి రాజోలు వైపు పోతే మామిడికుదురు మండలంలో, తాటిపాక పక్కనే ఉంటుంది. దారి పొడవునా కొబ్బరితోటలు, వాటి నడుమ ఓఎన్‌జీసీ బావులు. పక్కనే పాశర్లపూడి, 1995 జనవరి 8న అక్కడ మొదలైన బావి మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ తర్వాత ‘బ్లోఔట్’ ఈ సీమలో తెలుగు మాటైపోయింది. పైకి చూస్తే నగరంలో పైప్‌లైన్ ఉన్న సంగతి చెప్పేవి గట్టు మీది గుర్తురాళ్లే.

2014 జూన్ 27 శుక్రవారం తెల్లవారుజామున ఇక్కడ గెయిల్ వారి 18 అంగుళాల గొట్టం పగిలింది. తాటిపాక నుంచి విజయవాడ వైపున్న విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే లైను అది. గ్యాస్ ఊరి మీద పరుచుకున్నాక ఎక్కడో నిప్పు తగిలింది. టీ కొట్టు పొయ్యి వెలిగించినప్పుడే అంటుకుందని అప్పటి పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఇళ్లూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. అంతకుముందే లీకులు వచ్చాయని ఊరివాళ్లు విలేకరులకు చెప్పారు.

కేంద్ర పెట్రోలియం శాఖ వేయించిన విచారణలో తేలిన సంగతి సూటిగానే ఉంది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పోతోంది. గ్యాస్‌లోని నీటిని ముందే తీసేయాల్సిన డీహైడ్రేషన్ యూనిట్ తాటిపాకలో లేదు. నీరు గొట్టంలో పల్లంగా ఉన్న చోట చేరి అడుగుభాగాన్ని తినేసింది. గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే ఆమ్లమవుతుంది. సోడా బుడ్డిలో ఉండేది ఆ ఆమ్లమే, కానీ ఒత్తిడిలో, ఏళ్ల తరబడి ఉక్కును తాకుతూ ఉంటే గుంటలు పడతాయి.

కాథోడిక్ రక్షణ ఇక్కడ చేయగలిగేది ఏమీ లేదు. టీఆర్ యూనిట్ పంపిన కరెంటు గొట్టం బయటి గోడ దగ్గరే ఆగిపోతుంది, లోపలికి చేరదు. నేల మీద హాఫ్ సెల్ పెట్టి చదివితే మైనస్ 0.85కు అటువైపే, నిక్షేపంలాంటి అంకె రావచ్చు. ఒకే మీటరు మీద ఆధారపడిన తనిఖీకి లోపలి తుప్పు ఎన్నటికీ కనిపించదు. నగరం ప్రమాదం నాటికి 2009 నిబంధనలు వచ్చి ఐదేళ్లు, ఇంటెగ్రిటీ నిబంధనలు వచ్చి రెండేళ్లు. రాతలో కొరత లేదు. ఈ గొట్టంలో నిజంగా పోతున్నదేమిటి అన్న ప్రశ్నకు రోజూ ఎవరు జవాబుదారీ అన్నదే తేలకుండా మిగిలింది. ఆ ఘటన తర్వాత కృష్ణా గోదావరి లైన్లలో సరఫరా తగ్గించి గొట్టాలను పరీక్షించారు, పాతవాటిని మార్చే పని చేపట్టారు.

సరిగ్గా ఇలాంటిదే అమెరికాలో పద్నాలుగేళ్ల ముందు జరిగింది. 2000 ఆగస్టు 19న న్యూ మెక్సికో రాష్ట్రంలోని కార్ల్స్‌బాడ్ దగ్గర ఎల్ పాసో సంస్థ 30 అంగుళాల లైను లోపలి తుప్పుతో పగిలి, పేకోస్ నది ఒడ్డున గుడారాలేసుకున్న 12 మంది ఒకే కుటుంబపు బంధువులు చనిపోయారు. పగిలిన భాగంలో పిగ్, అంటే లోపల దూరి శుభ్రం చేసే పనిముట్టు, నడిచే వీలు లేదు. అక్కడి రవాణా భద్రతా సంస్థ 2003 నివేదికలో సంస్థ తుప్పు నివారణ పద్ధతినే కాక, ఆ లోపాన్ని ముందే పట్టుకోని ప్రభుత్వ తనిఖీలను కూడా తప్పుపట్టింది. ఇలా వేలు తనిఖీ చేసేవారి వైపు కూడా తిరగడం మన విచారణల్లో అరుదు.

అమెరికా నిబంధనల్లో చిన్నదే అయినా గమనించదగ్గ నేర్పు ఒకటుంది. గొట్టానికీ నేలకూ మధ్య వోల్టేజీ ఏడాదికోసారి చూడమంటూనే, రెండు పరీక్షల మధ్య 15 నెలలు మించకూడదని కూడా అంటాయి. ఆ రెండో మాట లేకపోతే ఈ ఏడు జనవరిలో ఒకటి, వచ్చే ఏడు డిసెంబరులో ఒకటి చేసి ‘ఏడాదికోసారే చేశాం’ అనవచ్చు. టీఆర్ యూనిట్ల వంటివాటిని ఏడాదికి ఆరుసార్లు, రెండున్నర నెలలు మించకుండా చూడాలి. తుప్పు నివారణ పద్ధతులను రాసేదీ అమలు చేసేదీ ఆ పనిలో అర్హత ఉన్న మనిషి పర్యవేక్షణలోనే ఉండాలి. ముఖ్యమైన రికార్డులను గొట్టం వాడుకలో ఉన్నంత కాలం దాచాలి.

లోపలి తుప్పుకు వాడే కొలత చూడడానికి అన్నిటికంటే మోటుగా ఉంటుంది. తినే గుణమున్న గ్యాస్ పోతుంటే, గొట్టం లోపల చిన్న ఉక్కు పలకను వేలాడదీస్తారు. దాన్ని కూపన్ అంటారు. అక్కడి నిబంధనల ప్రకారం ఏడాదికి రెండుసార్లు, ఏడున్నర నెలలు మించకుండా బయటికి తీసి, కడిగి, తూకం వేస్తారు. పలక బరువు ఎంత తగ్గిందో చూసి, ఆ కాలంలో గొట్టం లోపలి గోడ ఎంత తరిగి ఉంటుందో దాన్నిబట్టి లెక్క కడతారు.