పది దాటాక దీపాలు

వినాయక చవితి పందిట్లో పాటకి తగ్గట్టు దీపాలు ఆడటం గాజువాక వైపు ఇప్పుడు వింత కాదు. మా చిన్నప్పుడు సీరియల్ సెట్లు ఉండేవి. మైకులో ఏ పాట వస్తున్నా వాటికి పట్టేది కాదు, వాటి మానాన అవి వెలిగి ఆరేవి. ఇప్పటి పిక్సెల్ బల్బు పక్కనే చిన్న చిప్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగుకీ 256 మెట్లు. ఏ బల్బు ఏ రంగులో ఉండాలో కంప్యూటర్ సెకనుకి 40 సార్లు చెబుతుంది.

ఈ సరదా అమెరికా క్రిస్మస్‌ది. 2004లో ఒహాయో రాష్ట్రంలో కార్సన్ విలియమ్స్ అనే ఇంజనీరు తన ఇంటికి 16,000 దీపాలు కట్టి, ఒక రాక్ వాద్యసంగీతానికి ఆడించాడు. ఆయనకి ఉన్నవి 88 చానెళ్ళు. అంటే దీపాలు గుంపులు గుంపులుగా వెలగాల్సిందే. ఇవాళ ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే బల్బు బల్బుకీ విడిగా రాసుకోవచ్చు.

పని ఇలా ఉంటుంది. పాటని తెర మీద పొడుగ్గా పరిచి, దెబ్బ పడిన ప్రతిచోటా గుర్తు పెడతాం. ఏ దీపం ఎక్కడ వెలగాలో, ఎంతసేపట్లో ఆరాలో ఆ గుర్తుల మధ్య నింపుతాం. దెబ్బల్ని కంప్యూటరే పట్టగలదు. కానీ ఏడు లెక్క నడకలో ఉన్న పాట ఇస్తే తడబడుతుంది. అక్కడ బల్ల మీద చేత్తో తాళం వేసుకుంటూ దిద్దాలి. నాలుగు నిమిషాల పాటకి నాకు మూడు వారాంతాలు పట్టింది.

ఇంత చేశాక రాత్రి పది అవుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం, ప్రత్యేక అనుమతి లేకపోతే, పది తర్వాత మైకు ఆపాలి. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగేది కూడా పదికే. సందులోకి బళ్ళు వరసగా వచ్చే వేళకి పందిట్లో పాట ఉండదు, దీపాలే ఉంటాయి.

"ఏటి బాబూ, పాటాగిపోనాక ఈ మిణుకుమిణుకెందుకు? ఆపెయ్" అన్నాడు కమిటీలో ఒక పెద్దాయన. ప్లాంట్‌లోనే చేసి రిటైరయ్యాడు.

"బి షిఫ్ట్ వాళ్ళు ఇప్పుడే కదా బాబాయ్ వచ్చేది."

"మరి ఆళ్ళకి మూగ బొమ్మ సూపిస్తావేటి?"

ఆ మాట నన్ను వదల్లేదు. సినిమా పాటల సాహిత్యం గురించి మాట్లాడినప్పుడల్లా మనం అడిగే ప్రశ్నే ఇది: బాణీ తీసేస్తే కాగితం మీద నిలబడుతుందా? నా దీపాలు నిలబడలేదు. డోలు దెబ్బకి భగ్గుమన్న ఎరుపు, డోలు లేకపోతే ఊరికే కళ్ళలో పొడిచే ఎరుపు. ముందున్న దెబ్బని చెవి వింటేనే తర్వాతి చీకటికి అర్థం.

చెవి సాయం లేకుండా లయ తెలియాలంటే ఏం చెయ్యాలి? గురజాడ 1910లో ముత్యాల సరాలతో చేసిన పని గుర్తొచ్చింది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. రాగం తెలియకపోయినా, మనసులో చదువుకున్నా ఆ నడక తెలుస్తుంది. ఎందుకంటే లయ బయటి వాద్యంలో లేదు, మాటల కొలతలోనే ఉంది.

మర్నాడు పది తర్వాత కోసం వేరే వరస రాశాను. రెండే రంగులు. పసుపు మూడు బల్బులు దాటుతుంది, నీలం నాలుగు దాటుతుంది, కాసేపు చీకటి. మెరుపుల్లేవు. నడిచే మనిషి అడుగు కన్నా కాస్త నెమ్మది. తెర మీద చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఎనిమిది గంటల జనానికి వేస్తే ఈలలు రావు.

ఆ రాత్రి బళ్ళలో చాలా మటుకు ఆగకుండానే వెళ్ళిపోయాయి. నాలుగైదు ఆగాయి. ఒకాయన ఇంజన్ కట్టేసి, కాలు నేల మీద ఆనించి, టిఫిన్ డబ్బా సంచి మెడలో ఉండగానే చూస్తున్నాడు. ఆయన వేళ్ళు హ్యాండిల్ మీద కదులుతున్నాయి. అవి మూడా నాలుగా అని లెక్కపెట్టే లోపే బండి తీశాడు. పెద్దాయన మళ్ళీ ఆపెయ్యమనలేదు, బాగుందనీ అనలేదు.

ఈ ఏడాది ముందు పది తర్వాతి వరసే రాస్తున్నాను. దానికి ఏ పాట నప్పుతుందో తర్వాత వెతుక్కోవాలి.