తుపాకి కన్నా గుండు ముఖ్యం

దూరపు వేటను గురించి మాట్లాడేవారిలో ఎక్కువమంది రైఫిల్ పేరుతో మొదలుపెట్టి, దానిపై బిగించిన టెలిస్కోపు ఖరీదు మీదుగా వెళ్ళి, ఎన్ని వందల మీటర్ల నుంచి కొట్టారన్న లెక్క దగ్గర ఆగుతారు. జంతువు ఒంట్లోకి దిగి ప్రాణం తీసే గుండు ఊసు మాత్రం ఆ సంభాషణలో చిట్టచివరికి గానీ రాదు. ఇది సహించదగిన అలవాటు కాదు. రైఫిల్ చేసే పనల్లా గుండును గిరగిర తిప్పి ఒక దిశలో వేగంగా వదలడమే కాగా, వేటాడిన జంతువుకు తక్షణ మరణమో, గంటల తరబడి నరకమో ఇచ్చేది ఆ కొద్దిపాటి లోహపు ముక్క ఒక్కటే.

తూటా నాలుగు భాగాల కూర్పు: ఇత్తడితో చేసిన కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే రగిలే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. ఒకసారి పేలిన కేసును తిరిగి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి ఇంట్లోనే తూటా తయారుచేసుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అమెరికాలో ఈ విద్య రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బాగా వ్యాపించింది; సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కొని బ్రూస్ హాడ్జ్‌డన్ కాన్సాస్ నుంచి చౌకగా అమ్మగా, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ స్థాపించిన ఆర్‌సీబీఎస్ సంస్థ ప్రెస్సులనూ, కేసును నొక్కి సరైన కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులైన డైలనూ సామాన్యులకు అందించింది. ఈ పని చేసేవాడు మందును గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూస్తాడు; గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మందు రకం మారితే మండే వేగం మారుతుంది, మోతాదు మించితే బారెల్‌లో పీడనం ప్రాణాంతకమవుతుంది కనుక, తయారీదారు ముద్రించిన పుస్తకంలోని కనిష్ఠ మోతాదుతోనే ఎవరైనా మొదలుపెట్టాలి.

ఇంత శ్రద్ధ మెచ్చదగినదే గానీ, అది చేరవలసిన చోటికి చేరడం లేదు. గుండు వేగంలో నూటికి ఒక వంతు తేడా వస్తే 500 మీటర్ల వద్ద అది తాకే చోటు సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. అదే దూరంలో గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి మామూలు వేట గుండును దాదాపు అర మీటరు పక్కకు నెడుతుంది. త్రాసు ముందు రాత్రంతా కూర్చున్నవాడు గాలిని చదవడం నేర్చుకోకపోతే ఆ శ్రమ లక్ష్యాన్ని చేరదు. పైగా గుండు అంత దూరం వెళ్ళడానికి అర సెకనుకు పైగా పడుతుంది, ఆ వ్యవధిలో ఎల్క్ అనే పెద్ద దుప్పి ఒక అడుగు వేస్తే చాలు, గుండెకు తగలవలసిన దెబ్బ పొట్టకు తగులుతుంది.

గుండ్ల పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించే బాలిస్టిక్ కోఎఫిషియెంట్ కూడా ఇలాగే మనుషులను పక్కదారి పట్టిస్తుంది. ఒక ప్రామాణిక ఆకారంతో పోల్చినప్పుడు ఈ గుండు గాలి నిరోధాన్ని ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె అది. పాతకాలపు పొట్టి గుండు ఆకారమైన జీ1తో పోలిస్తే 0.6గా కనిపించే పొడవాటి గుండుకు, నేటి సన్నని ఆకారమైన జీ7తో పోలిస్తే సుమారు 0.3 మాత్రమే వస్తుంది. గుండు మాత్రం మారదు. ఈ అంకె గాలిలోని ప్రయాణాన్ని చెబుతుంది, మాంసంలోని ప్రయాణాన్ని గురించి ఏమీ చెప్పదు. ఉదాహరణకు, సియెర్రా సంస్థ మ్యాచ్‌కింగ్ గుండు ముక్కున ఉన్న సన్నని రంధ్రాన్ని చూసి, అది తగలగానే విచ్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రాగి తొడుగును అడుగు నుంచి ముక్కు వైపుకు మూయడం వల్ల మిగిలిన రంధ్రం అది, పోటీల్లో కాగితంపై గురి కోసం చేసిన ఆ గుండును వేటకు వాడవద్దని తయారీదారే చెబుతాడు.

ఈ సందర్భంలో జాన్ నోస్లర్‌ను తలచుకోకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. ఆరెగన్ రాష్ట్రంలో లారీల వ్యాపారం చేసుకునే ఈయన 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు మూస్ అనే భారీ దుప్పి వేటకు వెళ్ళినప్పుడు, దగ్గరి నుంచి కొట్టిన గుండ్లు బురద అట్టకట్టిన ఆ జంతువు ఒంటికి తగలగానే చితికిపోయి లోపలికి దిగలేదు. గుండు వేగం తక్కువై కాదు, ఎక్కువై విఫలమైందని గ్రహించడంలోనే ఆయన గొప్పతనం ఉంది. ఆయన రూపొందించిన పార్టిషన్ గుండును నిలువునా కోసి చూస్తే, వెదురు గొట్టంలో కణుపులాగా రాగి తొడుగు మధ్యలో ఒక అడ్డుగోడ, దానికి ముందొకటి వెనకొకటిగా రెండు సీసపు ముద్దలు కనిపిస్తాయి. ముందు సగం విచ్చుకుని గాయం చేస్తుంది, గోడ వెనక సగం చెదరకుండా లోతుకు వెళుతుంది. 1948లో ఆయన దాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. సామాన్యుడొకడు జంతువు పడిన బాధను తన సమస్యగా తీసుకుని లోహంలో పరిష్కారం చూపిన ఈ ఘట్టం, వేట చరిత్రలో ఏ మహారాజు ట్రోఫీ కన్నా విలువైనది.

పెద్ద తుపాకుల మోజును అంతకు ముందే ఖండించినవారున్నారు. స్కాట్లండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను చంపి, అందులో అధికభాగానికి .275 అంగుళాల గొట్టం గల చిన్న రైఫిలే వాడాడు. విచ్చుకోని గట్టి గుండును ఎంచుకోవడం, ఏనుగు తలలో మెదడు ఎక్కడుందో ఎముకతో సహా తెలిసి ఉండడం ఆయన బలం. అంతటి సంహారాన్ని నేడెవరూ కీర్తించరు, కీర్తించకూడదు. కాని గుండు ఎంపికను గురించిన పాఠం అందులో ఉంది. నరభక్షకి అయిన చంపావత్ పులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహూకరించినదీ .275 రిగ్బీ రైఫిలే.

విచ్చుకునే గుండుకు మన దేశంతో చేదు సంబంధం కూడా ఉంది. కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధాగారంలో 1890ల్లో ముక్కున సీసం బయటపడేలా చేసిన గుండు ఆ ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. 1899 హేగ్ ప్రకటన అటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. మనిషి విషయంలో క్రూరమని నిషేధించిన అటువంటి గుండునే పెద్ద జంతువుల విషయంలో అనేక అమెరికా రాష్ట్రాలు తప్పనిసరి చేశాయి, ఎందుకంటే విచ్చుకోని గుండు సన్నని రంధ్రం చేసి దూసుకుపోతే జంతువు ఎక్కడో పొదల్లో నెమ్మదిగా చస్తుంది. సీసానిది మరో పాపం. వేటగాళ్ళు వదిలిన పేగుల్లోని సీసపు తునకలు తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు విషమెక్కి చచ్చాయి. 1987 నాటికి మిగిలిన 27 పక్షులనూ బోనుల్లో కాపాడవలసి వచ్చింది. 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రంలో ఏ వేటకూ సీసపు గుండు వాడరాదు. వాటి స్థానంలో వచ్చిన పూర్తి రాగి గుండ్లు ముక్కలు కావు గానీ, విచ్చుకోవడానికి సాధారణంగా ఎక్కువ వేగం కోరతాయి.

దూరపు వేటకు అసలు హద్దు గీసేది ఆ వేగమే. సంప్రదాయ సీసపు గుండ్లలో చాలావాటికి తాకే సమయంలో సెకనుకు సుమారు 550 మీటర్ల వేగం ఉండాలి, ప్రసిద్ధమైన .30-06 తూటాలోని 180 గ్రెయిన్‌ల గుండు దాదాపు 500 మీటర్ల వద్దనే ఆ వేగానికి దిగజారుతుంది. దూరం కోసమే చేసిన కొన్ని గుండ్లు సెకనుకు సుమారు 400 మీటర్ల వేగానికీ విచ్చుకుంటాయి, కాని వాటిని దగ్గరి నుంచి వాడితే నోస్లర్ ఎదుర్కొన్న పాత ఆపదే తిరిగి వస్తుంది. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ అనే వేటగాళ్ళ క్లబ్ సైతం అతిదూరపు వేట నీతికి దూరమని హెచ్చరించింది. కనుక తూటా కట్టుకునేవాడు మొదట తన గుండు విచ్చుకునే కనిష్ఠ వేగాన్ని తెలుసుకుని, అది ఎన్ని మీటర్ల వద్ద వస్తుందో లెక్కకట్టి, ఆ హద్దుకు ఇవతలే ఆగాలి. గాలి తెలియని రోజున మరింత దగ్గరికి నడవాలి, నడవలేకపోతే తుపాకి దించాలి.