న్యాయస్థానమును గూర్చి నాలుగు మాటలు

“ఓడినవాడు కోర్టులో నేడ్చెను, గెలిచినవాడు ఇంటికివచ్చి యేడ్చెను” అను సామెత మన యిండ్లలో పిల్లలకు సైతము తెలియును. వ్యాజ్యములవలన సంసారములు చితికిపోవుట చూచిన పెద్దల మాట గనుక దానిని నేను కాదనను. కాని సోదరీమణులారా! ఈ సామెతనే ఆడుబిడ్డలకును వితంతువులకును మాటిమాటికి వినిపించి, వారికి న్యాయముగా రావలసినదానిని వదలుకొనునట్లు చేయుటయు లోకములో కలదు. న్యాయస్థానమనిన నేమో తెలియని భయమే యిందుకు మూలము.

మాది ఎస్. రాయవరము, సర్వసిద్ధి రాయవరమని పూర్తి పేరు. 1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిన గ్రామ మిదియే. 1897లో అచ్చయిన వారి ‘కన్యాశుల్కము’లోని వకీళ్లును కూటసాక్షులును మనల నవ్వించుచునే సిగ్గుపడజేయుదురు. మా యింటి ఆడువారికి కోర్టును గూర్చి తెలిసినదెల్ల చిరకాలము ఆ నాటకమువలన తెలిసినదే.

మా పిన్నికి భర్త పోయిన పిమ్మట మఱదులు భూమిలో భాగ మియ్యమనిరి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి భర్త భాగమునకు భార్యయు వారసురాలే. అయినను “పరువుగల యాడుది కోర్టు మెట్లెక్కునా?” అని బంధువు లందఱును ఆమెనే నిందించిరి. ఆమెకు తోడుగా పోయి నేను సాక్ష్యము చెప్పితిని.

అచ్చటి మర్యాదలు కొన్ని చెప్పెదను. బంట్రోతు గుమ్మమున నిలిచి పేరు గట్టిగా పిలుచును. న్యాయమూర్తి లోనికి రాగానే యందఱును లేచి నిలుతురు. నల్లకోటులు, మెడక్రింద తెల్లపట్టీలు ధరించిన న్యాయవాదులు తలవంచి వందన మొనర్తురు. ఆ వందనము మనుష్యునికి గాక పీఠమునకని మా వకీలుగారు చెప్పిరి. “మై లార్డ్” అను దొరలకాలపు సంబోధన యవసరము లేదని భారత న్యాయవాదుల మండలి 2006లోనే నిర్ణయించినది. సాక్షి దైవసాక్షిగా ప్రమాణము చేయవచ్చును. అట్లు చేయ నిష్టములేనిచో సత్యమే చెప్పెదనని ధ్రువపఱచిన చాలును. సాక్షి నిలుచు చోటును ‘బోను’ అందురు గాని, అందు నిలిచినంతమాత్రమున నెవరును దోషులు కారు. ఎదుటి వకీలు నన్ను ఎగతాళిగా ప్రశ్నింపగా న్యాయమూర్తి వెంటనే వారించిరి.

ఆనాడు మధ్యాహ్నము చెట్టుక్రింద కూర్చుండి పిన్ని నన్ను మెల్లగా నడిగినది: “అమ్మాయీ, ఈయనకి జీతం ఎవరిస్తారే? మా మఱిదికి పెద్దలతో పలుకుబడి ఉంది కదా, ఈయన్ని తీయించెయ్యలేడూ?”

చదువురాని యామె యడిగినది చదువుకొన్నవా రడుగవలసిన ప్రశ్న. క్రింది కోర్టు న్యాయాధికారి హైకోర్టు జరుపు పరీక్షలో నెగ్గి యాపదవికి వచ్చును. అందుకు మూడేండ్లు న్యాయవాదిగా పనిచేసి యుండవలెనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నియామకపత్రము ప్రభుత్వము పేర వచ్చినను, ఆయనపై నధికారము, బదిలీలతో సహా, హైకోర్టుదే, ఊరిపెద్దలది కాదు. హైకోర్టు న్యాయమూర్తులను, సుప్రీంకోర్టులోని పెద్ద న్యాయమూర్తుల సిఫారసుపై రాష్ట్రపతి నియమించును. పార్లమెంటు ఉభయసభలును ప్రత్యేకాధిక్యముతో తీర్మానించిననే గాని వారిని తొలగింప వీలులేదు.

జీతములను గూర్చియు చెప్పెదను. 1950లో హైకోర్టు న్యాయమూర్తి జీతము నెలకు 3,500 రూపాయలు. 2016 జనవరి 1 నుండి వర్తించిన లెక్కలో 2,25,000. అదే తేదీనుండి క్రిందిమెట్టు సివిలు జడ్జికి మూలవేతనము 77,840తో ఆరంభమగును. హైకోర్టు న్యాయమూర్తుల జీతమునకు శాసనసభలో ఓటు అక్కఱలేదు. నియమించిన పిమ్మట తగ్గింపను కూడదు. తీర్పు నచ్చని ప్రభుత్వము సైతము వారి కంచములో చేయి పెట్టరాదని రాజ్యాంగకర్తల యుద్దేశము. ఇంటి ఖర్చులకు చేయిచాచు స్త్రీకి, జీతమిచ్చువాని ముందు నిజము చెప్పుట యెంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇదంతయు చెప్పగా పిన్ని కొంతసేపు మౌనముగానుండి, “అయితే చెబుతాను” అని లేచినది. వ్యాజ్య మాఱేండ్లు సాగినది. ఆమె భాగ మామెకు వచ్చినది గాని, మఱదుల యింటి పెండ్లి పిలుపులు నేటికిని రావు. న్యాయమునకును వెల గలదు. దానిని దాచి చెప్పుట ధర్మము కాదు.

మనదేశమున స్త్రీలు న్యాయవాదులగుట కడ్డు తొలగించిన చట్టము 1923లో వచ్చినది. 1978లో శ్రీమతి అమరేశ్వరిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తి యైరి. పీఠముపై కూర్చుండ గలిగినవారికి గుమ్మము దాట భయమేల? 1987 నాటి న్యాయసేవల చట్టమువలన, ఆదాయ మెంతయైనను, వ్యాజ్యమున న్యాయమున్నచో స్త్రీకి ఉచితముగా వకీలును ఏర్పఱతురు. కోర్టు ఆవరణలలోని న్యాయసేవా సంఘమువద్ద కాగితముపై వ్రాసి యడిగిన చాలును. వ్యాజ్యము లేకయే రాజీ కుదిరిన మేలే. కాని ఆ రాజీ మన హక్కు తెలిసి చేసికొన్నదై యుండవలెను. మీ యిరుగుపొరుగున చదువురాని సోదరి యున్నచో ఈ నాలుగు మాటలు చదివి వినిపింపుడు.