ఆసామి సంతకం

అమలాపురంలో జిరాక్స్ షాపు. పీహెచ్‌డీ దరఖాస్తుకి నా రీసెర్చ్ ప్రపోజల్ ప్రింటవుతోంది. సామాజిక విధానం, కౌలు రైతులు... టైటిలే రెండు లైన్లు.

పక్కన బ్యాంకు పాస్‌బుక్ కాపీలు తీయిస్తున్న పెద్దాయన తొంగిచూశాడు.
"కౌలు గురించాండీ? ఆయ్, మరి ఆసామి సంతకం పెట్టకపోతే కార్డెలా వస్తాదో రాశారాండీ?"

రాశాను. 2019 చట్టం, 11 నెలల ఒప్పందం, యజమాని సంతకముంటేనే సాగు హక్కు కార్డు, అన్నీ ఉన్నాయి.
సంతకం అడిగితే వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోతుందేమోనన్న భయం మాత్రం లేదు. దాన్ని మెథడాలజీలో ఏ పేరాలో పెట్టాలి?

2011లో ఇక్కడి రైతులు పంట విరామం అన్నప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. చేను ఖాళీగా ఉంటే సొంత భూమి ఉన్నాయన నష్టం వేరు, కౌలుదారుడి నష్టం వేరు. నేను చదవాలనుకుంటున్నది ఆ తేడానే.

ఇక పీహెచ్‌డీ సీటు సంగతి: జేఆర్‌ఎఫ్ రాని నాలాంటోళ్ళకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30. (ఆ ప్యానెల్‌లో ఈ పెద్దాయన్ని కూర్చోబెడితే సగంమందిమి ఇంటికే!)

రాజోలు, కొత్తపేట వైపు వాళ్ళూ, మీ దగ్గర అడగ్గానే సంతకం పెట్టే ఆసాములున్నారా? కామెంట్లో చెప్పండి.