యడాగమము

మా అబ్బాయి పాలిమర్ల శాస్త్రవేత్త. నేను చిన్నయసూరి వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి. మా యిద్దరి నడుమ మాటలు మోసినది వాళ్లమ్మ. ఆమె పోయిన పిదప మా ఫోను సంభాషణలు "మందులు వేసుకున్నారా?", "వేసుకున్నాను" అన్నంతలో ముగిసేవి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ నిశ్శబ్దం భరించలేక, "ఇంతకూ నువ్వు చేసే పని యేమిటిరా?" అన్నాను. ఇరవై యేళ్లలో అదే మొదటిసారి అడగడం. సిగ్గుపడవలసిన విషయమే.

వాడు చెప్పినది నాకు బోధపడిన మేరకు వ్రాస్తున్నాను. పాలీప్రొపిలీనును, పాలీస్టైరీనును 200 డిగ్రీల వేడిలో కరిగించి ఎంత కలియబెట్టినా ఒకటి కావు. గొలుసుల వంటి పొడవాటి అణువులకు కలయికవల్ల చేకూరే స్వేచ్ఛ బహుస్వల్పమని 1940ల ఆరంభంలో ఫ్లోరీ, హగ్గిన్సు లెక్కగట్టారు. అందుచేత ఒకటి సముద్రమైతే రెండవది బిందువులుగా నిలుస్తుంది. కలియబెట్టే బలం బిందువును చీల్చజూస్తుంది; తలతన్యత దానిని గుండ్రంగా పట్టి ఉంచుతుంది. ఈ పెనుగులాటను టేలరు 1934లో వివరించాడు. కలపడం ఆపితే బిందువులు మళ్లీ ఒకదానితో నొకటి చేరి పెద్దవవుతాయి.

అప్పుడు టైటేనియం డయాక్సైడు వంటి లోహపు ఆక్సైడుల సూక్ష్మరేణువులను వేస్తారట. రేణువుకు రెండు పదార్థాలపైనా ఇంచుమించు సమానమైన మక్కువ ఉంటే అది సరిహద్దులో కుదురుకొని, బిందువులను ఒకదానిలో నొకటి కలిసిపోనీయదు. నూనె, నీళ్ల విషయంలో ఇట్టి సంగతిని పికరింగు 1907లోనే ప్రకటించాడు. రేణువులు ఘనపరిమాణంలో 1 శాతముంటే స్నిగ్ధత సుమారు 2.5 శాతమే పెరుగునని గుండ్రని రేణువులకు ఐన్‌స్టీను లెక్క. మిక్కిలిగా ఉంటే చేయీ చేయీ కలిపి వల కడతాయి. మెల్లగా తోస్తే ఆ ద్రవం కదలదు. గట్టిగా నెడితే వల తెగి ప్రవహిస్తుంది.

"ఒరే, ఇది యడాగమం కదురా!" అన్నాను. మా, అమ్మ అనే రెండు పదాలకు సంధి లేదు. నడుమ యకారం వచ్చి 'మాయమ్మ' అవుతుంది. ఆ యకారం ఈ పదానిదీ కాదు, ఆ పదానిదీ కాదు. రెండు పదాలూ చెడవు.

"మరి ఆ రేణువు ఒక పక్కకే మునిగిపోతే?" అని అడిగాను.

"సరిహద్దు ఖాళీ అవుతుంది నాన్నగారూ. ఆ ఒక్కటే చిక్కబడుతుంది."

పిమ్మట వాడు 'మాయమ్మ' అని మెల్లగా పలికి చూశాడు. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

గత ఆదివారం ఫోను చేసి, మందుల ఊసెత్తకుండా, "నుగాగమం అంటే ఏమిటి నాన్నగారూ?" అన్నాడు. గంటసేపు చెప్పాను.