వికటకవి దగ్గర నాలుగు దారులు

మా ఊళ్ళో కంప్యూటర్ చదువుతున్నాడంటే అన్నీ వచ్చినవాడని లెక్క. ప్రింటర్ ఆగిపోయినా, టీవీలో ఛానళ్ళు రాకపోయినా, ఫోన్‌లో ఫొటోలు పోయినా "ఒరే, నువ్వు సాఫ్ట్‌వేరే కదేటి?" అని పిలుస్తారు. కాలేజీలోనూ పెద్ద తేడా లేదు. "కోడింగ్ వచ్చా?" అన్న ఒక్క ప్రశ్నతో అందరినీ ఒకే కట్ట కట్టేస్తారు. ఆ కట్టలో ఎన్ని రకాల మనుషులున్నారో నాకు మా హాస్టల్ గదిలోనే తెలిసింది.

గదిలో నలుగురం. పేర్లకంటే ఊళ్ళతోనే పిలుచుకుంటాం: పలాస, రాజాం, బొబ్బిలి, నేనేమో పొందూరు. పైథాన్ ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ ఇచ్చారు. ఇచ్చిన మాటని తిరగేసి రెండూ ఒకటేనా కాదా చెప్పాలి. ఇంగ్లీషు మాటలకి సరిగ్గానే చెప్పింది. సరదాకి 'వికటకవి' ఇచ్చాను. ఎటు చదివినా ఒకటే అని మన చిన్నపిల్లలు కూడా చెప్పే మాట. ప్రోగ్రామ్ మాత్రం 'ఫాల్స్' అంది.

కారణం చిన్నదే. మనకి 'వి' ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి 'వ' వేరు, దాని మీది గుడి వేరు. మన ఐదక్షరాల మాట దానికి ఏడు ముక్కలు. తిరగేస్తే చివరి గుడి ముందుకొచ్చి ఒంటరిగా నిలబడుతుంది. మొదటి గుడి పక్కనున్న 'క'కి తగులుకుని 'కి' అయిపోతుంది.

ఆ రాత్రి నలుగురం అదే స్క్రీన్ చూశాం. నాలుగు ప్రశ్నలు వచ్చాయి.

పలాస వాడికి తెర మీద బొమ్మే కనబడింది. ఒంటరి గుడి కింద ఆ చుక్కల సున్నా ఎక్కణ్ణించి వచ్చింది, ఫోన్‌లో ఎలా ఉంటుంది అన్నాడు. బటన్ రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగితే నిద్రపోని మనిషి వాడు. రాజాం వాడిది డేటాబేస్ బుర్ర. యూటీఎఫ్-8లో తెలుగు ముక్క ఒక్కోటీ 3 బైట్లు. 'శ్రీకాకుళం' మనకి 4 అక్షరాలు, దానికి 10 ముక్కలు, అంటే 30 బైట్లు. "20 బైట్ల కాలమ్‌లో ఈ జిల్లా పేరే పట్టదురా" అన్నాడు. బొబ్బిలి వాడికి సెక్యూరిటీ పిచ్చి. కంటికి కనబడని అక్షరం మధ్యలో పెట్టి, చూడ్డానికి ఒకేలా ఉండే రెండు యూజర్‌నేములు చెయ్యొచ్చా అని మొదలెట్టాడు.

నేను మాత్రం ఆ ముక్కలు కలిసి అక్షరం ఎలా అవుతాయన్న దగ్గరే ఉండిపోయాను. తవ్వుతుంటే చాలా దొరికింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో దీర్ఘానికి ముందు ఒక కనబడని అక్షరం ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతబడిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో బాగుచేశారు. 'శ్రీ'ని రెండుగా విరగ్గొట్టకుండా ఒకటిగా లెక్కపెట్టాలన్న నియమం యూనికోడ్ 15.1తో వచ్చింది, 2023లో! ఇలాంటివి ఎక్కడో కూర్చుని ఎవరో ఒకరు ఇష్టపడి చేస్తేనే మనం వాట్సాప్‌లో తెలుగు చదవగలుగుతున్నాం.

మా పొందూరు ఖాదీలో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి నూలు వడికే చెయ్యి వేరు, మగ్గం మీద నేసే చెయ్యి వేరు. నీకు వడకడం రాదేమని నేతగాణ్ణి ఎవరూ అడగరు. కానీ నూలు మంచిదో కాదో అతని వేళ్ళకి తెలుస్తుంది. మనకీ అంతే కావాలనిపిస్తుంది. పక్కవాడి పని చెయ్యలేకపోయినా, అది బాగుందో లేదో పోల్చుకునేంత తెలియాలి.

ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మా నలుగురికీ ఒకటే సలహా: ఫుల్ స్టాక్ నేర్చుకోండి. కొట్టిపారెయ్యలేను, ఇంట్లో ఎడ్యుకేషన్ లోను ఉంది. "అచ్చరాలు కలిపీ పనికి జీతమిస్తారేటి బాబూ?" అని అమ్మ అడిగింది. ఇస్తారు గానీ అలాంటి ఉద్యోగాలు తక్కువమ్మా అన్నాను. కాసేపాగి, "లోను తీరీ ఉద్దోగం ముందు సూసుకో. ఇది మానీమని నానన్నేదు" అంది.

అందుకే పగలు జావా, రాత్రి వత్తులూ గుణింతాలూ. రెజ్యూమెలో ఫుల్ స్టాక్ కింద 'తెలుగు టెక్స్ట్ ప్రాసెసింగ్' అని ఇంకో లైను రాశాను. ఇంతవరకూ ఏ ఇంటర్వ్యూలోనూ దాని గురించి అడగలేదు. తీసెయ్యమని ఇద్దరు సీనియర్లు చెప్పారు. ఉంచాను.