అరువు తెచ్చుకున్న యౌవనం

1889 జూన్ 1వ తేదీన పారిస్ జీవశాస్త్ర సంఘం సమావేశంలో డెబ్బై రెండేళ్ల వృద్ధ శాస్త్రజ్ఞుడొకాయన చెప్పిన మాటలకు సభ్యులు నివ్వెరపోయారు. ఆయన పేరు బ్రౌన్-సెకార్. వెన్నుపాముపై ఆయన చేసిన పరిశోధనలు అప్పటికే వైద్యగ్రంథాలకెక్కాయి. కుక్కల వృషణాల నుంచీ, గినీ పందుల వృషణాల నుంచీ తీసిన రసాన్ని తన ఒంట్లోకి తానే సూదితో ఎక్కించుకున్నాననీ, సడలిన కండరాలకు సత్తువ వచ్చిందనీ, మెట్లు పరుగులాంటి నడకతో ఎక్కగలుగుతున్నాననీ, ప్రయోగశాలలో మళ్లీ గంటల తరబడి నిలబడి పనిచేస్తున్నాననీ ఆయన ప్రకటించాడు.

ఆయన అబద్ధమాడలేదు. అయితే ఆ రసంలో మందే లేదు. వృషణాలలో తయారయ్యే హార్మోను నీటిలో దాదాపు కరగదు. ఆయన తీసినదేమో నీటి రసం. పైగా వృషణాలు ఆ హార్మోనును నిలవ చేసుకోవు, తయారైనది తయారైనట్టే రక్తంలోకి పంపివేస్తాయి. ఆయనచేత మెట్లెక్కించింది వట్టి నమ్మకం. అయినా, పురుషుని దేహబలానికి మూలమైన పదార్థమొకటి వృషణాల నుంచి రక్తంలోకి చేరుతుందన్న ఆయన ఊహ మాత్రం నిజమే. 1935లో టెస్టోస్టెరాన్‌ను ఎద్దుల వృషణాల నుంచి వేరుచేశారు. అదే సంవత్సరం దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బ్యూటెనాంట్, రుజిచ్కాలు 1939లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

నేడు ఆ మందు సూదిగానూ, ఒంటికి రాసుకునే జెల్‌గానూ దొరుకుతోంది. పుట్టుకతోనే వృషణాలు సరిగా పనిచేయనివారికీ, జబ్బువల్ల వాటిని పోగొట్టుకున్నవారికీ, మెదడు అడుగునున్న పీయూష గ్రంథి దెబ్బతిన్నవారికీ అది మధుమేహ రోగికి ఇన్సులిన్ వంటిది. వారి విషయంలో తర్జనభర్జనకు పెద్దగా తావులేదు.

చిక్కంతా వయసుతో, ఒళ్లు పెరగడంతో నీరసించే సామాన్యుడి దగ్గరే. కోస్తాలో ఒక చిన్న పట్టణంలోని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడి సంగతి చూడండి. యాభై మూడేళ్ల మనిషి. చక్కెర జబ్బు, పొట్ట, రాత్రంతా గురక. సాయంత్రం కుర్చీలో కూలబడితే మళ్లీ లేవబుద్ధి కాదు. శయ్యాసుఖం మాట భార్యాభర్తలిద్దరూ ఎత్తడం మానివేసి ఏడాది దాటింది. ఒక క్లినిక్‌లో సాయంత్రం ఐదు గంటలకు రక్తం తీసి పరీక్షించారు. డెసిలీటరుకు 260 నానోగ్రాములని వచ్చింది. రెండు వారాలకొక సూది వేయించుకోమన్నారు. ఆయన సంతోషించాడు. తన నిస్సత్తువకొక పేరూ, ఆ పేరుకొక మందూ దొరికాయి.

భార్య మాత్రం ఒక్కటే అడిగింది: “ఇది ఎన్నాళ్లు వేయించుకోవాలటండీ?”

అసలు అడగవలసిన ప్రశ్న అదే. బయటినుంచి హార్మోను అందుతున్నంత కాలం పీయూష గ్రంథి ఇక చాలనుకొని వృషణాలకు ఆజ్ఞలు పంపడం మానుకుంటుంది. లోపలి ఉత్పత్తి అణగిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి. కొన్నేళ్ల తరువాత మందు మానితే, లోపలి యంత్రం తిరిగి కదలడానికి నెలలు పడుతుంది. అంతవరకు మొదటి నీరసమే నయమనిపించవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఆ ఉపాధ్యాయుడి పిల్లలు పెద్దవారయ్యారు. కండల కోసం ఇదే మందును చాటుగా పుచ్చుకునే పాతికేళ్ల కుర్రవాళ్ల మాట వేరు. ఇది వీర్యకణాల ఉత్పత్తిని ఎంతగా అణచివేస్తుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవారి గర్భనిరోధక సాధనంగానే పరీక్షించింది. 1990లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్న 271 మందిలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. మానిన తరువాత చాలామందికి తిరిగి వస్తాయి, కాని ఎన్నాళ్లకో ముందుగా చెప్పలేరు. యయాతి తన కొడుకు యౌవనాన్ని అరువడిగాడు. ఆ కొడుకు కనీసం అప్పటికి పుట్టి ఉన్నాడు.

మరి లాభం లేదా? ఉంది, కాని ప్రకటనల్లో చెప్పినంత కాదు. హార్మోను తగ్గిన, 65 ఏళ్లు నిండిన 790 మందిపై అమెరికాలో ఏడాదిపాటు జరిపిన పరీక్షల ఫలితాలు 2016 నుంచి వెలువడ్డాయి. కామేచ్ఛ ఓ మోస్తరుగా పెరిగింది, మనసు కాస్త తేలికపడింది, రక్తహీనత తగ్గింది. అలసట విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జ్ఞాపకశక్తి పెరగనే లేదు. గుండెజబ్బు భయం ఉన్న 5,200 మందికి పైగా పురుషులపై జరిగిన మరో పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు మందు వాడినవారిలో నూటికి 7.0, ఉత్తుత్తి మందు వాడినవారిలో 7.3. ఇది ఊరటే. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపుగడ్డలు మందు వాడినవారిలో ఎక్కువగా కనిపించాయి. ఎముకలకు బలమన్న పేరున్న ఈ మందు పుచ్చుకున్నవారికే ఎముకలు ఎక్కువగా విరిగాయని 2024లో తేలడం అందరికంటే వైద్యులనే ఆశ్చర్యపరచింది. పైగా పరీక్షలో పాల్గొన్నవారిలో నూటికి అరవైమందికి పైగా మందును మధ్యలోనే మానివేశారు. వారిని గమనించిన కాలం సగటున 33 నెలలు. యాభై మూడేళ్ల మనిషి మొదలుపెడితే ఎదుట ఉన్నది ఇరవై, పాతికేళ్లు. ఆ ఇల్లాలి ప్రశ్నకు శాస్త్రం ఇవ్వగల జవాబు ప్రస్తుతానికి 33 నెలల వరకే.

ఆమె పట్టుబట్టి భర్తను వేరొక వైద్యుని వద్దకు తీసుకువెళ్లింది. ఈ హార్మోను ఉదయాన ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది కనుక, రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే, పరగడుపున రక్తం తీయించాలన్నాడాయన. 345, 360 వచ్చాయి. అమెరికా వైద్యులు లోపానికి గీతగా పెట్టుకున్న 300 కంటె ఎక్కువే. ఒకవేళ రెండుసార్లూ తక్కువే వచ్చి ఉంటే, కొన్ని నెలలు వాడి చూడటం తప్పుకాదనీ, అప్పుడు కూడా రక్తం చిక్కబడుతోందేమో, ప్రొస్టేటు ఎలా ఉందో తరచు చూసుకోవాలనీ, గుణం కనిపించకపోతే మానేయాలనీ ఆ వైద్యుడు చెప్పాడు. సూదికి బదులు గురకకు చికిత్స రాశాడు, బరువు తగ్గమన్నాడు. ఒళ్లు తగ్గితే ఈ హార్మోను దానంతటదే కొంత పెరుగుతుంది.

ఉపాధ్యాయుడు కొంచెం నిరాశపడ్డాడు. సూదంటే ఒక్క క్షణం పని. నడకంటే రోజూ గంట. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. సాయంత్రపు కుర్చీ మీద మమకారం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.